సిగ్నల్: అమెరికా సొమ్ముతో ఎదిగిన యాప్‌ను అమెరికాను నమ్మనివాళ్లు వాడొచ్చా?

యూనియన్ గ్రూపును వాట్సాప్ నుంచి సిగ్నల్‌కు మార్చుకుందామని ఎవరైనా అనగానే రెండు అభ్యంతరాలు లేస్తాయి. "దానికి డబ్బులిచ్చిందే అమెరికా ప్రభుత్వం కదా, సీఐఏ యాప్ అది" అన్నది ఒకటి. "మనం దాచుకునేదేముంది, మీటింగు టైము, కరపత్రం పీడీఎఫ్ తప్ప" అన్నది రెండోది. రెండోదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. మీటింగు ఎప్పుడు, ఎవరెవరు వస్తున్నారు, ఎవరు పిలిస్తే ఎవరు కదులుతున్నారు అన్నవే యాజమాన్యానికైనా పోలీసులకైనా కావలసింది. మొదటిదాన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అందులో నిజం ఉంది. అయితే ఆ అనుమానం అక్కడే ఆగిపోవడం వల్ల అసలు చూడాల్సిన చోట చూడకుండా పోతున్నాం.

ముందు డబ్బు సంగతి. సిగ్నల్‌ను తయారుచేసిన ఓపెన్ విస్పర్ సిస్టమ్స్‌కు 2013 నుంచి 2016 వరకు ఓపెన్ టెక్నాలజీ ఫండ్ దాదాపు 30 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ ఫండ్ అప్పట్లో రేడియో ఫ్రీ ఆసియా గొడుగు కింద ఉండేది. రేడియో ఫ్రీ ఆసియాకు సొమ్ము వచ్చేది అమెరికా కాంగ్రెస్ నుంచి. ఇదే పేరుతో 1951లో మొదలైన పాత రేడియో వెనక సీఐఏ ఉండేది. ఇప్పటి సంస్థ 1996లో మొదలైంది. చైనాలోనో ఇరాన్‌లోనో సర్కారును ఎదిరించేవాళ్ల చేతికి నిఘాకు దొరకని పనిముట్లు అందించాలన్నది ఈ ఖర్చు వెనకున్న విదేశాంగ విధానం. ఇందులో మానవ హక్కుల మీద మమకారం ఎంతో, ప్రత్యర్థి దేశాలను ఇరుకున పెట్టే కోరిక ఎంతో ఎవరి అంచనా వారిది. అదే ప్రభుత్వంలోని నిఘా సంస్థ ఎన్ఎస్ఏ ఏం చేస్తోందో అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసిన స్నోడెన్ 2013లో బయటపెట్టాడు. ఆ ఏడాది మార్చి ఒక్క నెలలో ఎన్ఎస్ఏ తన బౌండ్‌లెస్ ఇన్‌ఫార్మెంట్ అనే లెక్కల పట్టికలో భారత్ కింద రాసుకున్న సమాచార శకలాలు 630 కోట్లు. ఇరాన్, పాకిస్తాన్, జోర్డాన్, ఈజిప్టుల తర్వాత మనదే ఐదో స్థానం.

కాబట్టి అనుమానించడం తప్పేమీ కాదు. కానీ ఈ డబ్బుతో ఏం కొన్నారన్నది కూడా అడగాలి. బీజింగ్ గూఢచారులు విప్పలేని తాళం కావాలంటే దానికి దొంగ తాళంచెవి ఉండకూడదు. వాషింగ్టన్‌కని విడిచిన సందు మరొకరి కంట పడకుండా ఉండదు. అందుకే ఫోన్‌లో నడిచే కోడ్ మొత్తం బహిరంగం. దాని ఎన్‌క్రిప్షన్ పద్ధతిని, అంటే పంపినవారూ అందుకున్నవారూ తప్ప ఎవరూ చదవలేకుండా మెసేజ్‌కు తాళం వేసే పద్ధతిని, విశ్వవిద్యాలయాల క్రిప్టోగ్రఫీ పరిశోధకులు ఏళ్ల తరబడి పరీక్షించారు. 2016లో వాట్సాప్ తన సందేశాలన్నిటికీ తెచ్చిపెట్టుకున్నదీ ఈ పద్ధతే. భవిష్యత్తులో క్వాంటం కంప్యూటర్లు వచ్చి పాత మెసేజీలను విప్పేస్తాయన్న భయానికి కూడా 2023లో ఒకసారి, 2025 అక్టోబరులో ఇంకోసారి మార్పులు చేశారు. "సీఐఏ యాప్" అనేవాళ్లు ఈ కోడ్‌లో ఫలానా చోట ఫలానా సందు ఉందని ఇంతవరకు చూపించలేదు. చూపించేదాకా నమ్మాలని కాదు. అయితే "డబ్బు ఎవరిది" అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. "కోర్టు అడిగితే వీళ్ల దగ్గర ఇవ్వడానికి ఏముంది" అన్నది అంతకన్నా పనికొచ్చే ప్రశ్న.

దానికి కాగితం మీద జవాబు ఉంది. 2016 మొదటి సగంలో వర్జీనియా తూర్పు జిల్లా ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ రెండు ఫోన్ నంబర్ల గురించి సిగ్నల్‌కు సమన్లు పంపింది. పేర్లు, చిరునామాలు, ఎవరితో మాట్లాడారు, ఏ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి వచ్చారు, అన్నీ ఇమ్మంది. ఆ రెండింటిలో ఒక నంబరుకే ఖాతా ఉంది. దాని గురించి కంపెనీ ఇవ్వగలిగినవి రెండే రెండు: ఖాతా తెరిచిన సమయం, సర్వర్‌కు చివరిసారి కనెక్ట్ అయిన సమయం. బయటికి చెప్పకూడదన్న ఉత్తర్వు మీద పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ పోరాడాక ఈ కాగితాలు జనానికి కనబడ్డాయి. ఆ తర్వాత కాలిఫోర్నియా నుంచి వచ్చిన సమన్లకూ ఇలాంటి జవాబే వెళ్లింది.

వాట్సాప్‌తో తేడా ఇక్కడే. తాళం రెండింటిదీ ఒకటే, తాళం బయట రాసి ఉన్నదే వేరు. మీరు ఎవరితో, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఏ గ్రూపుల్లో, ఏ ఫోన్ నుంచి అన్నది వాట్సాప్ యజమాని మెటా (పాత పేరు ఫేస్‌బుక్) సేకరించగలదు. సందేశంలో ఏముందో తెలియకపోయినా ఈ వివరాలు చాలు. వీటినే మెటాడేటా అంటారు. ఎన్ఎస్ఏకూ సీఐఏకూ అధిపతిగా చేసిన మైకేల్ హేడెన్ 2014లో ఒక చర్చలో, మెటాడేటా ఆధారంగానే తాము మనుషుల్ని చంపుతామని బహిరంగంగా అన్నాడు. పాకిస్తాన్, యెమెన్‌లలో డ్రోన్ దాడుల కాలం అది. సిగ్నల్ 2018లో తెచ్చిన సీల్డ్ సెండర్ ఏర్పాటుతో మెసేజ్ ఎవరు పంపారన్నది సర్వర్‌కు కూడా కవరు మీద కనబడదు. అలాగని ఆనవాలు పూర్తిగా చెరిగిపోదు. సర్వర్ ఉన్న చోట కూర్చుని ఏ ఐపీ ఎప్పుడు వచ్చింది, ఏది ఎప్పుడు కదిలింది అని గమనించేవాడికి లెక్క కట్టే అవకాశం కొంత మిగులుతుంది.

ఆ సర్వర్ ఉన్న చోటు ఎవరిదన్నదే, నా దృష్టిలో, వామపక్షం అడగాల్సిన మూడో ప్రశ్న.

ఇంటి ఓనరు అమెజాన్

వాట్సాప్ సహ వ్యవస్థాపకుడు బ్రయన్ యాక్టన్ తన కంపెనీని 2014లో ఫేస్‌బుక్‌కు 1900 కోట్ల డాలర్లకు అమ్మి, ప్రకటనల గొడవలో 2017లో బయటికొచ్చి, 2018లో 5 కోట్ల డాలర్లతో సిగ్నల్ ఫౌండేషన్ పెట్టించాడు. తర్వాత ఆ మొత్తం 10 కోట్లు దాటింది. అది దానం కూడా కాదు, 2068లో తీర్చాల్సిన వడ్డీలేని అప్పు. లాభాపేక్ష లేని సంస్థ, వాటాదారుల్లేరు, ప్రకటనల్లేవు. అయినా ఒక కోటీశ్వరుడి మనసు మీద ఆధారపడి నిలబడిన కట్టడమే ఇది. విరాళాలు పెరుగుతున్నాయి గానీ ఖర్చు చిన్నది కాదు. 2025 నాటికి ఏడాదికి 5 కోట్ల డాలర్లు కావాలని 2023 నవంబరులో వాళ్లే లెక్క చెప్పారు. ఆ లెక్కలో ఆసక్తికరమైన పద్దు ఒకటుంది: ఖాతా తెరిచేటప్పుడు వచ్చే ఓటీపీ ఎస్ఎంఎస్‌లకే ఏడాదికి 60 లక్షల డాలర్లు. సర్వర్లకు అయ్యేది 29 లక్షలు. గోప్యత యాప్ అన్నిటికంటే ఎక్కువ కప్పం కడుతున్నది టెలికాం కంపెనీలకన్నమాట.

మెరెడిత్ విటాకర్ 2022లో సిగ్నల్ అధ్యక్షురాలైనప్పటి నుంచి, జనం సమాచారం మీద లాభం గుంజే నిఘా పెట్టుబడి గురించి గట్టిగా మాట్లాడుతోంది. గూగుల్‌లో పనిచేస్తూ 2018లో ఉద్యోగుల వాకౌట్‌ను నడిపినవాళ్లలో ఆమె ఒకరు. మాటలు బాగున్నాయి. కానీ 2025 అక్టోబరు 20న, సిగ్నల్ అద్దెకుంటున్న అమెజాన్ క్లౌడ్ (అద్దె సర్వర్ల వ్యవస్థ) కూలిపోతే దాంతోపాటు సిగ్నల్ కూడా మూగబోయింది. కోట్లమంది ఒకేసారి వీడియో కాల్ చేసుకునే మౌలిక వసతి ప్రపంచంలో మూడు నాలుగు కంపెనీల చేతుల్లోనే ఉందని, వేరే దారి లేదని ఆమె వివరణ ఇచ్చింది. వివరణ నిజమే. సర్దుబాటూ నిజమే. మెసేజీలు అమెజాన్‌కు చదవడానికి దొరకవు, కానీ స్విచ్ అమెజాన్ చేతిలో ఉంది. అమెరికా ఏదైనా దేశం మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఈ స్విచ్ ఏమవుతుందన్న ప్రశ్నకు యాప్ సెట్టింగుల్లో జవాబు దొరకదు.

ఇంకో రెండు మచ్చలు. 2020 వసంతం నుంచి 2021 ఏప్రిల్ దాకా, దాదాపు ఏడాది పాటు సర్వర్ కోడ్‌ను బయటపెట్టడం ఆపేశారు. అదే ఏప్రిల్లో మొబైల్‌కాయిన్ అనే క్రిప్టో కరెన్సీ చెల్లింపులను యాప్‌లోకి తెచ్చారు. ఈ రెండోది ఎవరూ అడగని వరం. మెసేజ్ యాప్‌కు డబ్బు బదిలీ తగిలిస్తే ఆర్థిక నియంత్రణ సంస్థలకు తలుపు చూపించినట్టే. దాని జోలికి పోకండి.

సిమ్ కార్డే సందు

సిగ్నల్ మీద నాకున్న అతిపెద్ద ఫిర్యాదు సీఐఏ గురించి కాదు, ఖాతాకు ఫోన్ నంబరు తప్పనిసరి కావడం గురించి. మన దేశంలో సిమ్ అంటే గుర్తింపు పత్రం, ఫొటో, చాలామందికి ఆధార్. ఒక గ్రూపు సభ్యుడి ఫోన్ దొరికితే మిగతావాళ్ల నంబర్లు దొరికేవి. నంబరు దొరికితే మనిషి దొరికినట్టే. 2024 ఫిబ్రవరిలో నంబరుకు బదులు ఇచ్చుకునే యూజర్‌నేమ్‌లు వచ్చాక ఇది సగం సర్దుకుంది. మిగతా సగం మీరు సర్దుకోవాలి, ఎందుకంటే ఒక సెట్టింగు ఇప్పటికీ తెరిచే ఉంటుంది.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో ఫోన్ నంబర్ తెరవండి. "నా నంబరు ఎవరికి కనబడాలి" అన్నది మొదటిది, మామూలుగా "ఎవరికీ వద్దు" అనే ఉంటుంది. "నంబరు కొట్టి నన్ను ఎవరు వెతకొచ్చు" అన్నది రెండోది, ఇదే "అందరూ" అని ఉంటుంది. అలా వదిలేస్తే మీ నంబరు తెలిసిన యజమాని గానీ, కానిస్టేబుల్ గానీ మీరు సిగ్నల్‌లో ఉన్నారా లేదా అన్నది క్షణంలో తేల్చుకోగలరు. దాన్ని కూడా "ఎవరికీ వద్దు" చేయండి. తర్వాత ప్రొఫైల్‌లోకి వెళ్లి యూజర్‌నేమ్ పెట్టుకోండి. చివర కనీసం రెండు అంకెలు ఉండాలి. మీ పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టకండి. ఇది చాట్‌లో కనబడే పేరు కాదు, మిమ్మల్ని కలుపుకోవడానికి ఇచ్చే చీటీ మాత్రమే. సభకొచ్చిన కొత్తవాళ్లకు క్యూఆర్ కోడ్ చూపించి, పని అయ్యాక యూజర్‌నేమ్ మార్చేసినా పాత పరిచయాలు పోవు. ఒక జాగ్రత్త: మీ నంబరును ముందే కాంటాక్టుల్లో దాచుకున్నవాళ్లకు అది కనబడుతూనే ఉంటుంది. ఈ సెట్టింగు కొత్తవాళ్ల కోసమే.

ఇవన్నీ తోటి వాడకందార్ల నుంచి నంబరు దాస్తాయి. సిగ్నల్ దగ్గర, సిమ్ కంపెనీ దగ్గర నంబరు ఉండనే ఉంటుంది. 2025 నవంబరులో టెలికాం శాఖ ఇంకో మెలిక పెట్టింది. ఖాతా తెరిచిన సిమ్ ఫోన్‌లో ఉంటేనే మెసేజింగ్ యాప్‌లు నడవాలని, కంప్యూటర్లో తెరిచిన ఖాతా ప్రతి 6 గంటలకు లాగౌట్ కావాలని ఆదేశించింది. సైబర్ మోసాలను అరికట్టడానికని కారణం చెప్పారు. మోసగాళ్లను పట్టుకోవడం సంగతి ఎలా ఉన్నా, మనిషికీ సిమ్‌కూ మధ్య ముడి మాత్రం బిగుస్తుంది. ఈ ఒక్క కారణానికే, పేరు అసలు బయటపడకూడని పనికి సిగ్నల్ సరిపోదు. సంఘం పనికి, జర్నలిస్టు పనికి, కుటుంబానికి సరిపోతుంది.

నంబరుతో ఇంకో చిక్కు. రీచార్జి చేయకుండా వదిలేసిన సిమ్‌ను కంపెనీ కొన్నాళ్లకు వేరొకరికి అమ్మేస్తుంది. ఆ కొత్తాయన సిగ్నల్ పెట్టుకుంటే మీ ఖాతా ఊడిపోతుంది. పాత మెసేజీలు ఆయనకు కనబడవు గానీ, మీ పేరు మీద వచ్చే కొత్తవి ఆయనకు చేరతాయి. అందుకే సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో రిజిస్ట్రేషన్ లాక్ తప్పకుండా ఆన్ చేయండి. అప్పుడు ఓటీపీతో పాటు మీ పిన్ కూడా అడుగుతుంది. సిమ్ డూప్లికేట్ తీయించే మోసానికి కూడా ఇదే మందు. అయితే ఖాతా ఏడు రోజులు వరుసగా వాడకుండా ఉంటే ఈ లాక్ వదిలిపోతుంది. నంబరు మారుస్తుంటే సిమ్ చచ్చిపోక ముందే అదే మెనూలోని చేంజ్ ఫోన్ నంబర్ వాడండి.

పిన్ నాలుగంకెలు చాలంటుంది యాప్. చాలదు. చిన్న పిన్‌కు రక్షణ ఎక్కడి నుంచి వస్తోందంటే, సర్వర్లోని చిప్‌లో ఇంటెల్ లాంటి కంపెనీలు కట్టిన సీలు గది నుంచి. ఆ గదుల్లో పరిశోధకులు పదే పదే కన్నాలు చూపించారు. పిన్ పెట్టేచోటే అక్షరాలతో పెట్టుకునే వీలుంది. పొడుగాటి పదబంధం పెడితే చిప్ కంపెనీని నమ్మాల్సిన పని దాదాపు ఉండదు.

రోడ్డు మీద ఫోన్ అడిగితే

2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు గంజాయి తనిఖీల పేరుతో బండ్లు ఆపి, జనం ఫోన్లు తెరిపించి, వాట్సాప్‌లో గంజాయి లాంటి మాటలు వెతికారు. వీడియోలు బయటికొచ్చి గొడవైంది. వారంటు లేకుండా అలా చూడొచ్చా అన్నది న్యాయవాదులు గట్టిగా అడిగిన మాట. నడిరోడ్డు మీద ఆ వాదన ఎంతవరకు చెల్లుతుందో అందరికీ తెలిసిందే. తెరిచిన ఫోన్ ముందు ఎంత గొప్ప ఎన్‌క్రిప్షన్ అయినా సున్నా. అక్కడ ఆదుకునేది అసలు లేని మెసేజ్ ఒక్కటే.

ప్రైవసీలో డిసప్పియరింగ్ మెసేజెస్ అని ఉంటుంది. మీరు కొత్తగా మొదలుపెట్టే ప్రతి చాట్‌కూ గడువు పెట్టొచ్చు. సెకన్ల నుంచి 4 వారాల దాకా ఉంటుంది. రోజువారీ పనికి వారం సరిపోతుంది, ధర్నా ఏర్పాట్లకు ఒక రోజు చాలు. పంపినవారి ఫోన్‌లో గడియారం పంపగానే మొదలవుతుంది, అందుకున్నవారి ఫోన్‌లో చదివినప్పుడు మొదలవుతుంది. అంటే గ్రూపులో పదిమంది చదవకుండా వదిలేస్తే ఆ పది ఫోన్లలో మెసేజ్ అలాగే పడుంటుంది. ఇది చాలామందికి తెలియదు. పాత చాట్‌లకు కూడా ఇది తనంతట తాను వర్తించదు, ఒక్కొక్కటీ తెరిచి పెట్టుకోవాలి.

నోటిఫికేషన్స్‌లో "పేరూ మెసేజూ" అన్నదాన్ని "ఏదీ వద్దు" చేయండి, లేకపోతే తాళం వేసిన తెర మీదే అన్నీ కనబడతాయి. స్క్రీన్ లాక్ పెట్టండి. స్క్రీన్ సెక్యూరిటీ పెడితే మీ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పడదు, అవతలివాడి ఫోన్‌ను అది ఆపలేదు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ రీకాల్ అనే పేరుతో తెరను ఎప్పటికప్పుడు ఫొటో తీసి దాచే ఏర్పాటు తెచ్చినప్పుడు, సినిమాల కాపీ ఆపడానికి వాడే రక్షణ ఏర్పాటునే అడ్డుపెట్టి సిగ్నల్ తన కిటికీని నల్లగా మార్చుకుంది. 2025 మే నుంచి అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ముచ్చటేసే పని.

తెలుగులో రాసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మనలో చాలామంది "ela unnaru" అని కొట్టి తెలుగు అక్షరాలు తెప్పించుకునేది గూగుల్ కీబోర్డుతోనే. సందేశం తాళంలోకి వెళ్లకముందే ప్రతి అక్షరం కీబోర్డు చేతి మీదుగా పోతుంది. ప్రైవసీలో ఇన్‌కాగ్నిటో కీబోర్డ్ ఆన్ చేస్తే, మీరు కొట్టే మాటలు నేర్చుకోవద్దని సిగ్నల్ ఆ కీబోర్డును అడుగుతుంది. అడుగుతుంది, అంతే. మాట వినడం వినకపోవడం కీబోర్డు ఇష్టం. చెబుతూ టైప్ చేయించే మైకు బొమ్మకైతే దూరంగా ఉండండి, మీ గొంతు గూగుల్ సర్వర్ దాకా పోయి రావచ్చు. దానికంటే సిగ్నల్‌లోనే వాయిస్ మెసేజ్ పెట్టడం మేలు.

ఫొటోలకు మంచి ఏర్పాట్లున్నాయి. 2020 జూన్‌లో, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద నిరసనలు రగులుతున్నప్పుడు, ముఖాలను మసకపరిచే పనిముట్టు తెచ్చారు. ఫొటో పంపే ముందు కనబడే బొమ్మల్లో అది ఉంటుంది. గుంపులో కొన్ని ముఖాలను తనంతట తాను పట్టుకోలేకపోతే వేలితో రుద్దాలి. ఫొటోగా పంపితే అందులో దాగున్న లొకేషన్ వివరాలు ఊడిపోతాయి. అదే ఫొటోను ఫైల్‌గా జోడిస్తే ఆ శుభ్రత ఉంటుందని నమ్ముకోకండి. వచ్చిన ఫొటోలు వాట్సాప్‌లోలా గ్యాలరీలోకి దూకవు, సేవ్ నొక్కితేనే వెళ్తాయి. నొక్కారా, గూగుల్ ఫొటోస్ బ్యాకప్ దాన్ని అందుకుంటుంది.

ఫోన్‌లోకే దొంగ దూరితే మాత్రం సిగ్నల్ ఏమీ చేయలేదు. భీమా కోరేగావ్ కేసులో ఇది కళ్లముందే ఉంది. హైదరాబాద్‌లో వరవరరావును 2018 ఆగస్టులో అరెస్టు చేసిన కేసే అది. సహ నిందితుడు రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరీక్షించిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే అమెరికా ల్యాబ్ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 2016 జూన్‌లో వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి ఎవరో పంపిన ఫైల్ తెరవగానే నెట్‌వైర్ అనే మాల్వేర్ (దొంగ ప్రోగ్రాం) దూరిందని, దాని ద్వారానే అరెస్టుకు ఆధారమన్న ఉత్తరాలు ఆ ల్యాప్‌టాప్‌లో పెట్టారని అందులో ఉంది. తెలిసినవాళ్ల నుంచి వచ్చిన ఫైలే తలుపు తీసిందన్నమాట. అందుకే కంప్యూటర్లో సిగ్నల్ అవసరమైతేనే పెట్టుకోండి. ఎవరైనా అనుకోని ఫైల్ పంపితే, అదే చాట్‌లో కాకుండా కాల్ చేసి అడగండి. సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ అప్పుడప్పుడు చూడండి. గ్రూపులో చేరే కోడ్ అని నమ్మించి, వాళ్ల కంప్యూటర్‌ను మీ ఖాతాకు కలుపుకునే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయించే మోసం ఉక్రెయిన్ యుద్ధంలో రష్యా వైపు ముఠాలు చేశాయని 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా విభాగం బయటపెట్టింది. ఆ జాబితాలో మీకు తెలియని యంత్రం ఒక్కటి కనబడినా వెంటనే తీసేయండి.

గ్రూపు

2025 మార్చిలో ట్రంప్ జాతీయ భద్రతా సలహాదారు మైక్ వాల్ట్జ్, యెమెన్ మీద బాంబు దాడుల గురించి నడిపిన సిగ్నల్ గ్రూపులో అట్లాంటిక్ పత్రిక సంపాదకుడు జెఫ్రీ గోల్డ్‌బర్గ్‌ను పొరపాటున చేర్చుకున్నాడు. వారాల తరబడి పెద్ద మీడియా అంతా "అంత రహస్యం ఈ యాప్‌లోనా" అని చర్చించింది. ఆ గ్రూపులోనే, తాము వెతుకుతున్న మనిషి తన స్నేహితురాలి భవనంలోకి వెళ్తుండగా గుర్తించామని, ఆ భవనం ఇప్పుడు కూలిపోయిందని వాల్ట్జ్ రాశాడు. ఉపాధ్యక్షుడు వాన్స్ భేష్ అన్నాడు. నివాస భవనంలో ఇంకెవరున్నారన్న ప్రశ్న యాప్ చర్చ కింద నలిగిపోయింది. అధికారులు ప్రభుత్వ రికార్డును మాయమయ్యే మెసేజీల్లో నడపడం ఇంకో నేరం. పౌరుడి గోప్యతకు పుట్టిన పనిముట్టును పాలకుడు జవాబుదారీతనం ఎగ్గొట్టడానికి వాడితే అది పనిముట్టు తప్పు కాదు, కానీ చూసీ చూడనట్టు పోవాల్సిన సంగతీ కాదు.

మనకు పనికొచ్చేదేమిటంటే, యాప్ పగలలేదు, లోపలికి పిలిచిన మనిషే తప్పు. గ్రూపులో వెయ్యిమంది దాకా పడతారు. కానీ యాభై దాటిన గ్రూపును రహస్యం అనుకోకపోవడమే మంచిది. గ్రూపు పెట్టగానే అనుమతుల్లోకి వెళ్తే, సభ్యులను చేర్చడం, గ్రూపు వివరాలు మార్చడం రెండూ మొదట అందరికీ తెరిచి ఉంటాయి. మెసేజ్ గడువు మార్చడం కూడా ఆ రెండోదాని కిందకే వస్తుంది. రెండూ అడ్మిన్లకే పరిమితం చేయండి, అడ్మిన్లు ఇద్దరు ముగ్గురు ఉండనివ్వండి. లింకు ఇవ్వాల్సొస్తే అడ్మిన్ ఆమోదం ఆన్ చేసి ఇవ్వండి, సభ అయ్యాక లింకు రీసెట్ చేయండి. కొత్తగా చేరినవాళ్లకు పాత మెసేజీలు కనబడకపోవడం ఇక్కడ పెద్ద సుగుణం. ముఖ్యమైనవాళ్లతో సేఫ్టీ నంబర్ (మీ ఇద్దరి మధ్య ఎవరూ దూరలేదని సరిచూసుకునే అంకెలు) ఒకసారి ఎదురెదురుగా కూర్చుని స్కాన్ చేసుకోండి. అది అరవై అంకెలుంటుంది. తర్వాత "సేఫ్టీ నంబర్ మారింది" అని వస్తే చాలాసార్లు అవతలివారు ఫోన్ మార్చారనే అర్థం. అయినా ఒక ఫోన్ కాల్ చేసి కనుక్కోవడానికి ఖర్చేమీ లేదు.

మన ఫోన్లలో వచ్చే తిప్పలు

"సిగ్నల్‌లో మెసేజ్ ఆలస్యంగా వస్తుంది" అన్నది మన దగ్గర ఎక్కువగా వినబడే ఫిర్యాదు. తప్పు చాలావరకు ఫోన్‌ది. షావోమీ, వివో, రియల్‌మీ లాంటి ఫోన్లు బ్యాటరీ మిగల్చాలని వెనక నడిచే యాప్‌లను చంపేస్తాయి. వాట్సాప్‌ను మాత్రం ముందే మినహాయించి పెట్టుకుంటాయి. ఫోన్ సెట్టింగుల్లో సిగ్నల్ యాప్‌కు ఆటోస్టార్ట్ ఇచ్చి, బ్యాటరీ దగ్గర ఆంక్షలు లేవని పెట్టండి. తొంభై శాతం గొడవ అక్కడితో పోతుంది. ఓటీపీ రాకపోతే కాసేపాగి కాల్ చేయమనండి. పదే పదే నొక్కితే గంటలపాటు ఆపేస్తుంది.

రెండో తిప్ప బ్యాకప్. ఫోన్ పోతే చాట్‌లన్నీ పోవడం చాలాకాలం సిగ్నల్‌కు పెద్ద అపకీర్తి. 2025 సెప్టెంబరులో సెక్యూర్ బ్యాకప్స్ వచ్చాయి. మెసేజీలూ, చివరి 45 రోజుల ఫొటోలూ ఉచితం, అంతకుమించితే 100 జీబీకి నెలకు సుమారు 2 డాలర్లు. దానికి 64 అక్షరాల తాళంచెవి ఇస్తారు. అది పోతే సిగ్నల్ కూడా తెరవలేదు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టుకునేవాళ్లు బ్యాకప్ పెట్టుకోకపోవడమే నయం. గడువు పెట్టి మెసేజీలు చెరిపే గ్రూపులకైతే ఈ బ్యాకప్ అసలు అవసరమా అన్నది కూడా ఆలోచించుకోండి.

ప్రత్యామ్నాయాల గురించి నాలుగు మాటలు. టెలిగ్రామ్‌ను ఎర్ర జెండా గ్రూపులు ఎందుకు ఇష్టపడతాయో అర్థం కాదు. మామూలు చాట్‌లు కంపెనీ సర్వర్లో కంపెనీ తాళంతోనే ఉంటాయి, గ్రూపులకు అసలు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (రెండు చివర్లవాళ్లే విప్పగలిగే తాళం) లేదు. యజమాని దురోవ్‌ను 2024 ఆగస్టులో పారిస్ దగ్గర పట్టుకున్నాక, చట్టబద్ధంగా అడిగితే ఐపీలు, ఫోన్ నంబర్లు ఇస్తామని నియమాలు మార్చుకున్నారు. కరపత్రాలు పంచడానికి చానల్‌గా వాడుకోండి, అంతవరకే. 2025 సెప్టెంబరులో స్వదేశీ ఊపులో ఎగిసిన జోహో కంపెనీ మెసేజింగ్ యాప్ అరట్టైకి అప్పటికి రాతమెసేజీలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షనే లేదు. పెట్టుబడి మనదైనంత మాత్రాన నిఘా లేకుండా పోదు. ఇంటర్నెట్ ఆపేసినప్పుడు బ్లూటూత్, వైఫై మీద నడిచే బ్రయర్ అనే యాప్ నిజంగా అక్కరకొస్తుంది, కానీ ఐఫోన్‌కు లేదు. పైగా 2023 మేలో జమ్మూ కాశ్మీర్ భద్రత పేరుతో కేంద్రం నిషేధించిన 14 యాప్‌లలో అదీ ఉంది. సిగ్నల్ ఆ జాబితాలో లేదు. అందులోకి ఎక్కే రోజు వస్తే, అడ్డంకిని దాటడానికి ప్రైవసీ కింద అడ్వాన్స్‌డ్‌లో సెన్సార్‌షిప్ సర్కమ్‌వెన్షన్, డేటా అండ్ స్టోరేజ్ కింద ప్రాక్సీ ఉన్నాయి. కాల్‌లో మీ ఐపీ అవతలివారికి తెలియకూడదంటే అదే అడ్వాన్స్‌డ్‌లో ఆల్వేస్ రిలే కాల్స్ ఆన్ చేయండి. కాల్ నాణ్యత కాస్త తగ్గుతుంది.

గూగుల్ ప్లే అసలు వద్దనుకునేవాళ్లకు సిగ్నల్ సొంత వెబ్‌సైట్లోనే ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునేది) ఉంది. ప్లే సర్వీసులు లేని ఫోన్‌లో కూడా నడుస్తుంది. సర్వర్‌తో నేరుగా కనెక్షన్ పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది, పైన ఒక నోటిఫికేషన్ ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. దించుకున్నాక ఫైల్ అసలైనదేనా అన్నది ఆ పేజీలోనే ఇచ్చిన సర్టిఫికెట్ వేలిముద్రతో (గుర్తింపు కోడ్‌తో) సరిపోల్చి చూసుకోండి. గ్రూపులో ఎవరో పంపిన ఏపీకే మాత్రం, పంపింది ఎంత నమ్మకస్తులైనా సరే, ఇన్‌స్టాల్ చేయకండి.